పెద్దమ్మాయి మీద పడ్డ నింద

"కారా, అమ్మా? సాయంత్రం లారీ వచ్చేలోగా ఏదో ఒకటి చెప్పండి," అని బావగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. తాడోపేడో తేల్చేశాననుకున్నప్పుడల్లా ఆయన కుర్చీ అలాగే జరుపుకుంటారు. మందుల షాపు మనిషి. చీటీలో ఉన్నది ఇచ్చేశాక ఇంకో మాట ఆయనకు అలవాటు లేదు.

భోజనాల బల్ల చుట్టూ నలుగురున్నారు. తినడం ఎప్పుడో అయిపోయింది. లేవడం మాత్రం ఎవరి చేతా కావడం లేదు.

"రెండూ చెబుతున్నాను బావగారూ," అంది ఫ్రేములావిడ. "కారూ ఉంటుంది. అత్తయ్యా ఉంటారు."

వీధి మొదట్లో పటాలు కట్టే షాపు పెట్టిన దగ్గర్నుంచి ఊళ్ళో ఆమెకు అదే పేరు. ఇంటికి చిన్నకోడలు. నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకున్న కారు తాళంచెవిని గుప్పిట్లో బిగించి కూర్చుంది. గురువారం నుంచి దాన్ని మెడలోంచి తీయలేదు, స్నానానికి కూడా.

బావగారు చిలక్కి చెప్పినట్టు మళ్ళీ మొదటినుంచి చెప్పారు. గురువారం అమ్మకు కంటి ఆపరేషన్. పొద్దున్నుంచీ చుక్కలు వేసి, కన్ను సిద్ధం చేసి బయల్దేరదీశారు. తీరా ఈ డొక్కు వంతెన మధ్యలో ఆగింది. వెనక హారన్లు. అమ్మ కంటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నడినెత్తిన ఎండలో కూర్చుంది. టాక్సీ దొరికి ఆస్పత్రికి చేరేసరికి డాక్టరు వెళ్ళిపోయింది. మళ్ళీ రోజు దొరకడానికి నెల పడుతుందట. ఈ కథ ఆయన గురువారం నుంచి చెబుతూనే ఉన్నారు. చెప్పిన ప్రతిసారీ వంతెన మీద ఎండ ఇంకాస్త ముదురుతోంది.

చివరికి ఆయన తీర్పు ఇదీ. డొక్కు ఉన్న ఇంట్లో అమ్మను ఉంచేది లేదు. తన ఫ్లాటు తొమ్మిదో అంతస్తులో ఉంది, లిఫ్టు ఉంది, బటన్ నొక్కితే కదిలే కారు ఉంది. అమ్మను ఈ సాయంత్రమే తీసుకెళ్ళిపోతారు. కాదూ అంటే, పాత బండ్లు కొనేవాడి లారీ ఎలాగూ వస్తోంది, దాన్ని ఎక్కించేస్తే అమ్మ ఇక్కడే ఉండొచ్చు.

"ఇది ఒక్క గురువారం సంగతి కాదమ్మా. ఈ డొక్కు మన అందరితోనూ మూడు చెరువుల నీళ్ళు తాగించింది," అన్నారు బావగారు. "నా షాపు తెరిచిన రోజు సంగతే చూడు. సొంత తమ్ముడు పక్కన లేకుండా రిబ్బను కత్తిరించాను. ఏమైందిరా అంటే, బండి ఆగిపోయింది అన్నయ్యా అన్నాడు."

ఫ్రేములావిడ భర్త వైపు చూసింది.

మాస్టారు మంచినీళ్ళ గ్లాసులోకి చూస్తూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, క్లాసులో ఆయన గొంతు పక్క క్లాసుకి కూడా పాఠం చెబుతుందంటారు. అన్నగారి ముందు అదే గొంతు గ్లాసు దాటదు.

ఆమె చూపుకి కారణముంది. ఆ రోజు బండి ఆగలేదు. షెడ్డులోంచి బయటికే రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తుడుచుకుని, మంచం చివర కూర్చున్న మాస్టారు ఉన్నట్టుండి నేను రాను అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఫోను తీసి అన్నగారికి మాత్రం బండి ఆగిపోయిందని చెప్పారు. బండి ఏమీ అనలేదు కాబట్టి నింద దాని మీదే ఉండిపోయింది.

"ఏమండీ, మీరేమైనా అంటారా?" అని అడిగిందామె.

"నేనేమంటాను," అన్నారు మాస్టారు.



---

ఈ ఇంట్లో పుట్టింది ఒక్కతే ఆడపిల్ల. అయినా అందరూ ఆ పిల్లను చిన్నమ్మాయి అనే పిలుస్తారు. ఎందుకంటే పెద్దమ్మాయి షెడ్డులో ఉంటుంది.

చిన్నమ్మాయి పుట్టడానికి రెండేళ్ళ ముందు ఫ్రేములావిడ ఆ కారు కొన్నది. అప్పటికే అది ఇంకెవరింట్లోనో సగం ముసలిదైంది. నీలిరంగు ఎండకి వెలిసి ఏ రంగో చెప్పలేని రంగులోకి వచ్చింది. అయినా దాన్ని మొదటిసారి నడుపుకుంటూ ఇంటికి తెచ్చిన సాయంత్రం ఆమె దిగలేదు. షెడ్డులో ఆపి, చీకటి పడేదాకా స్టీరింగు పట్టుకునే కూర్చుంది. అంతవరకు ఆమెవన్నీ ఎవరో ఇచ్చినవే. పుట్టింటివాళ్ళు ఇచ్చినవి, అత్తింటివాళ్ళు ఇచ్చినవి. ఇది మాత్రం అద్దాలు కోసి, చెక్కలు అతికి, తనే తెచ్చుకున్నది.

వెనక సీటు తీయించి దుప్పట్లు చుట్టిన చెక్క స్టాండు పెట్టించింది, అద్దాలు నిలబెట్టడానికి. అందుకే ఆ బండిలో ఇద్దరికే చోటు. నడిపేది ఆమె. పక్కన కూర్చునేది, వీలైనప్పుడల్లా, అత్తగారు.

బండి మొరాయించడం అబద్ధం కాదు. వానాకాలంలో దగ్గుతుంది. ఎక్కించే రోడ్డు చూస్తే నీరసపడుతుంది. డ్రైవరు తలుపు బయటినుంచి తెరుచుకోదు, కిటికీలోంచి చెయ్యి పెట్టి తీయాలి. రెండో వైపు తలుపును కాస్త పైకెత్తి లాగాలి. ఇదంతా నిజమే.

కానీ అది చేసిన తప్పుల కన్నా దాని మీద రుద్దినవి ఎక్కువ. ఇష్టంలేని చుట్టాలింటికి వెళ్ళకపోతే బండి ఆగింది. పరీక్షకు ఆలస్యమైతే బండి ఆగింది. పటం ఇస్తానన్న రోజుకి ఇవ్వలేకపోతే, ఫ్రేములావిడ కూడా ఏం తక్కువ తినలేదు, బండి ఆగింది. ఇల్లంతా అంత సుఖంగా అబద్ధాలు రుద్దుతుంటే ఒక మనిషైతే ఎదురు తిరిగేది. ఇది పాపం షెడ్డులో పడి ఉండేది.

ఇప్పుడు ఆ నిందలన్నీ కలిసి దాన్ని లారీ ఎక్కిస్తున్నాయి.

భోజనాల బల్ల దగ్గర్నుంచి లేచి ఆమె షెడ్డుకే వచ్చింది. చిన్నమ్మాయి కూడా వెనకే వచ్చి బానెట్ మీద చెయ్యేసి నిలబడింది.

"అమ్మా, పొద్దున మెకానిక్ ఏమన్నాడు? ఏం పాడైందంట?" అని అడిగింది.

"ఏదో చిన్నది," అంది ఫ్రేములావిడ.

చిన్నది కాదు. మెకానిక్ ఆ పొద్దున బండి తెచ్చి ఇస్తూ పడీపడీ నవ్వాడు. బండిలో ఏ లోపమూ లేదు, కుళాయి కట్టేసి ఉంది, తిప్పాను, కదిలింది, ఇన్నేళ్ళ తర్వాత మీరే మర్చిపోతే ఎలాగమ్మా అన్నాడు.

కుళాయి అతను పెట్టిందే. చాలా ఏళ్ళ కిందట ఎవడో బండిని షాపు ముందు నుంచి కాజేయబోయాడు. అది వీధి చివరే ఆగిపోవడంతో వదిలేసి పారిపోయాడు. ఆ తర్వాత మెకానిక్ పెట్రోలు గొట్టానికి చిన్న ఇత్తడి కుళాయి బిగించాడు. డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు కాళ్ళు పెట్టుకునే చోట, మ్యాటు కింద ఉంటుంది. కట్టేస్తే ఇంజనులో మిగిలిన పెట్రోలుతో బండి వీధి చివరిదాకా పోతుంది, అక్కడ ఆగిపోతుంది. దిగేటప్పుడు కట్టేయడం, ఎక్కేటప్పుడు తిప్పడం ఈ ఇంటివాళ్ళకు అలవాటు. ఆ సంగతి గడప దాటలేదు. బావగారికి కూడా తెలియదు.

ఆమె మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే గురువారం బండి వీధి చివరే ఆగేది. వంతెన దాకా పోయేది కాదు. దారిలోనే ఎవరో కట్టేశారు. బండిలో ఉన్నది ఇద్దరు.

---

అత్తగారు తన గదిలో మంచం మీద కూర్చుని, షాపులో అద్దాలు తుడిచే గుడ్డలు మడత పెడుతున్నారు. కళ్ళు మసకబారిన దగ్గర్నుంచి ఆ పని చేతులతోనే చేస్తారు. అంచుకి అంచు సరిగ్గా కలుస్తుంది.

ఫ్రేములావిడ తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"అత్తయ్యా, గురువారం బండి ఆగలేదు," అంది.

మడత పెడుతున్న చేతులు నిలిచిపోయాయి.

"కుళాయి కట్టేసి ఉందని మెకానిక్ చెప్పాడు. బయల్దేరేటప్పుడు నేను తిప్పాను. నాకు బాగా గుర్తుంది."

 కిటికీ బయట ఎవరో సైకిలు మీద పోతూ బెల్లు కొట్టారు. గుడ్డను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద లేని ముడతను ఆవిడ పదేపదే సవరించారు.

"ఎడంకాలి బొటనవేలితో," అన్నారు చివరికి. "చెప్పు విప్పి."

ఫ్రేములావిడకు ఒళ్ళు మండింది. మూడు రోజులుగా ఇంటిల్లిపాదీ తన బండిని తిడుతుంటే ఈ మనిషి ఈ గదిలో కూర్చుని గుడ్డలు మడత పెట్టుకుంటోంది. వంతెన మీద హారన్ల మధ్య బానెట్ ఎత్తి, చేతులు కాల్చుకుని, కనపడిన ప్రతి వైరూ లాగి చూసింది తను. పక్కన కూర్చున్న మనిషి ఒక్క మాట అనలేదు.

"ఎందుకత్తయ్యా?"

"దిగిపోతానంటే దింపేదానివా?"

ఆమె ఆలోచించింది. "దింపేదాన్ని కాదు," అంది. అబద్ధం చెప్పడానికి అప్పుడు ఓపిక లేదు.

"చూశావా మరి. కన్ను నాది. అన్నదమ్ములిద్దరూ ఫోన్లో మాట్లాడుకుని రోజు పెట్టేశారు. ఎలా చేస్తారు, ఎక్కడ కోస్తారు, ఒక్కరైనా నాతో చెప్పారా? భయంగా ఉందిరా అంటే నీకేం తెలీదమ్మా అన్నాడు పెద్దాడు. చిన్నాడు వాడి వంక చూసి ఊరుకున్నాడు. వంతెన కనపడేసరికి కాలు దానంతటదే కుళాయి మీదికి పోయింది. నేను వద్దంటే మొండికేశానంటారు. బండి ఆగితే ఎవరూ ఏమీ అనరు. అది ఎప్పుడూ ఆగేదే కదా."

"అందుకని దాని మీదకి తోసేశారు."

"తోసేశాను. ఈ ఇంట్లో తొయ్యనిదెవరు?"



అత్తగారు గుడ్డను పక్కన పెట్టి, కోడలు ఎక్కడుందో తడిమి, మోకాలి మీద చెయ్యి వేశారు. "లారీ పంపిస్తాడని నాకు తెలీదే అమ్మాయ్. తెలిస్తే చేసేదాన్ని కాదు. వెళ్ళి చెప్పెయ్. నీ బండి మిగులుతుంది."

"చెబితే బావగారు ఏమంటారో మీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు. అమ్మకి మతి తప్పిందంటాడు. ఫ్లాటుకి తీసుకుపోతాడు. అక్కడ రోజూ ఆ మాటే వింటూ కూర్చుంటే, కొన్నాళ్ళకి నిజంగానే తప్పిందేమోనని నాకూ అనిపిస్తుంది." ఆవిడ ధర చెప్పినట్టు చెప్పారు. "అయినా సరే. చెప్పు."

బండి కావాలంటే ఈ మనిషిని అప్పగించాలి. ఈ మనిషి కావాలంటే బండిని ఎక్కించాలి. బావగారు బల్ల దగ్గర అడిగిన ప్రశ్నే, ఆయనకు తెలియకుండానే, ఇక్కడ నిజమైపోయింది. ఫ్రేములావిడకు ఏడుపు రావాల్సింది. పంతం వచ్చింది.

"చెప్పను," అని లేచింది. "బండినీ ఇవ్వను. మిమ్మల్నీ పంపను."

"ఎలా?"

"అది నాకూ తెలీదు. కానీ ఇవ్వను."

---

వసారాలో తాళాలు తగిలించే మేకుల వరస ఉంది. షెడ్డు తాళం, షాపు తాళం, గేటు తాళం ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరి మేకు ఖాళీగా ఉంది. కారు రెండో తాళంచెవి ఉండాల్సిన మేకు అది.

మాస్టారు అక్కడే గోడకానుకుని నిలబడి ఉన్నారు. ఆమె మేకు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. 

"అన్నయ్య అడిగాడు. ఇచ్చాను," అన్నారు.

"అడగ్గానే ఇచ్చేశారు. ఇచ్చే ముందు నన్ను అడగాలని తోచలేదా?"

"అడిగితే ఇవ్వనిస్తావా?"

"ఇవ్వనివ్వను. అందుకే అడగాలి."

ఆయన చాలాసేపు చెప్పులతో నేల మీద గీతలు గీశారు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. కారు పోతే నువ్వు నాతో కొన్నాళ్ళు మాట్లాడవు, ఏడుస్తావు, ఎప్పటికో తగ్గుతావు. అమ్మ అక్కడికి వెళితే మాత్రం తిరిగి రాదు. అన్నయ్య తీసుకెళ్ళినవేవీ వెనక్కి ఇవ్వడు, చిన్నప్పటి నుంచీ అంతే. ఆలోచించి, ఆలోచించి, బండినే ఇచ్చేద్దామనుకున్నాను అన్నారు.

ఆ మాటలో తప్పు వెతుకుదామన్నా దొరకలేదు. అదే ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. మంచి మనసుతో చేసిన ద్రోహాన్ని ఏమని తిట్టాలి?

"నా వస్తువు ఇచ్చి మీ అమ్మని ఉంచుకుంటున్నారు," అంది. "ఆ షాపు తెరిచిన రోజు సంగతి ఇవాళైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే, దాని పద్దులో ఒక్క తప్పయినా తగ్గేది. అదీ చెప్పలేదు."

మాస్టారు ఏదో అనబోయారు. అంతలో గేటు బయట లారీ వచ్చి ఆగిన చప్పుడైంది.

---

లారీవాడు మర్యాదస్తుడు. చెప్పులు గేటు బయటే విప్పబోతే చిన్నమ్మాయి వద్దంది. షెడ్డు చూసి, ఇరుకుగా ఉంది, గొలుసు వేసి లాగితే గోడ గీసుకుపోతుంది, బండిని వీధిలోకి తెచ్చి ఇస్తే ఎక్కించుకుంటానన్నాడు.

"తాళమివ్వమ్మా," అన్నారు బావగారు.

"ఇవ్వను."

ఆయన నవ్వారు. జేబులోంచి రెండో తాళంచెవి తీసి చూపించి షెడ్డులోకి నడిచారు. డ్రైవరు తలుపు పట్టుకుని లాగారు. అది రాలేదు. ఇంకోసారి లాగారు. కిటికీలోంచి చెయ్యి పెట్టాలని ఎవరూ చెప్పలేదు. చివరికి లారీవాడే చెయ్యి పెట్టి తీశాడు. చిన్నమ్మాయి గోడ వైపు తిరిగి నవ్వాపుకుంది.

బావగారు కూర్చుని తాళం తిప్పారు. ఇంజను తిరిగింది, తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పారు. అదే వరస.

పొద్దున మెకానిక్ వెళ్ళగానే ఫ్రేములావిడ కుళాయి కట్టేసి, అది పనిచేస్తోందో లేదోనని, మిగిలిన పెట్రోలు అయిపోయి ఇంజను ఆగేదాకా ఉంచి చూసింది. అది ఇప్పుడు కట్టేసే ఉంది.

"చూశారా? పొద్దున్నే బాగుచేయించుకొచ్చిన బండి ఇది. చచ్చింది," అన్నారు బావగారు. "దీని కోసమా ఇంత గొడవ?"

ఒక్కసారి వంగి ఆ ఇత్తడి కుళాయి తిప్పితే చాలు. ఆయన నోరు మూతపడుతుంది. కానీ అదేమిటి అని అడుగుతారు. చెప్పాలి. మరి గురువారం ఎవరు కట్టేశారని ఆ వెంటనే అడుగుతారు. ఆమె తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళు వేళ్ళలో బిగించి నిలబడింది. తన బండిని చచ్చిందని అంటుంటే వింటూ నిలబడడం కన్నా, అద్దం వేలిలో దిగితే నయం.

"తోసేద్దామా?" అన్నాడు లారీవాడు.

అప్పుడు గోడ మీద ఒక చెయ్యి కనిపించింది. తర్వాత అత్తగారు కనిపించారు. వసారా గోడ తడుముకుంటూ, గుమ్మం తడుముకుంటూ, షెడ్డులోకి వచ్చారు. ఫ్రేములావిడ ఎదురు వెళ్ళి చెయ్యి పట్టుకుని, "వద్దత్తయ్యా," అంది, ఆవిడకు మాత్రమే వినపడేలా.

అత్తగారు ఆ చెయ్యి విడిపించుకున్నారు. బండి చుట్టూ తిరిగి రెండో వైపు తలుపు పట్టుకున్నారు. కాస్త పైకెత్తి లాగారు. తలుపు కిక్కురుమనకుండా తెరుచుకుంది. కూర్చుని, ఎడంకాలి చెప్పు విప్పి, మ్యాటు పక్కకి తోసి, బొటనవేలితో ఏదో చేశారు.

"ఇప్పుడు తిప్పు," అన్నారు పెద్దకొడుకుతో.

ఆయన తిప్పారు. ఇంజను అందుకుంది. షెడ్డు నిండా పొగ, చప్పుడు.

"అమ్మా, ఏం చేశావు?"

"గురువారం వంతెన మీద కట్టేశాను. ఇప్పుడు తిప్పాను," అన్నారావిడ. "బండి ఆగలేదురా. నేను ఆపాను. నాకు భయమేసింది, చెబితే మీరు వినలేదు."

లారీవాడు తన సంగతి కాదన్నట్టు గేటు వైపు జరిగాడు. బావగారి మొహంలో రంగులు మారాయి. రావాల్సిన మాట రానే వచ్చింది.

"నీకు మతి పోయిందా అమ్మా?"

"ఆ మాట అంటావనే మూడు రోజులుగా నోరు మూసుకున్నాను," అన్నారు అత్తగారు. "అనేశావు కదా. ఇక నాకు భయం లేదు. దిగు."

"ఎక్కడికి?"

"నువ్వు దిగు. చిన్నకోడల్ని ఎక్కనియ్యి. ఇవాళ శనివారం, డాక్టరు సాయంత్రం ఉంటుంది. ఆవిణ్ణి నేనే అడుగుతాను. ఎక్కడ కోస్తుంది, ఎంతసేపు, నొప్పి ఉంటుందా ఉండదా. అంతా విన్నాక చేయించుకుంటానో మానేస్తానో నేను చెబుతాను. మీరు వినండి."

బావగారు ఇంజను ఆపేశారు. తాళంచెవి పీకి గుప్పిట్లో పెట్టుకుని దిగారు. "ఇక ఎలా పోతారో చూస్తాను," అన్నారు. ఆ కోపంలో చిన్నకోడలి మెడలోని తాళం సంగతి ఆయనకు గుర్తు లేదు.

ఫ్రేములావిడ మెడలోంచి నల్లదారం తలమీదుగా తీసింది. డ్రైవరు సీట్లో కూర్చుని, తన తాళంచెవి పెట్టి తిప్పింది. మొదటిసారి అందుకోలేదు. అది పెద్దమ్మాయి పద్ధతి, ఒక్క పిలుపుకి పలకదు. రెండోసారికి పలికింది. ఆమెకు కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

బండి షెడ్డులోంచి మెల్లగా బయటికి వచ్చి గేటు ముందు నిలిచింది. గేటు వేసి ఉంది. గేటు బయట లారీవాడు అప్పటికే ఎక్కి కూర్చుని, లారీని పక్కకి తీసుకుంటున్నాడు. గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి మాస్టారు నిలబడి ఉన్నారు.

"ఏమండీ, గేటు తియ్యండి," అంది.

"తీశావంటే నాకు తమ్ముడు లేడనుకుంటాను," అన్నారు బావగారు.

మాస్టారు అటూ ఇటూ చూడలేదు. గొళ్ళెం వైపే చూస్తూ, "అన్నయ్యా, నీ షాపు తెరిచిన రోజు మా బండి ఆగలేదు," అన్నారు. ఈసారి ఆ గొంతు పక్కింటికి కూడా వినపడింది.

"ఏమన్నావు?"

"బండి షెడ్డులోనే ఉంది. నేనే రానన్నాను. దాని మీద పెట్టాను."

బావగారు మళ్ళీ మాట్లాడినప్పుడు అది మందుల షాపు గొంతు కాదు. అది ఎప్పటిదో, ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్న రోజుల నాటి గొంతు.

"ఎందుకు రాలేదురా?" అన్నారు.

మాస్టారి వేళ్ళు గొళ్ళెం మీద బిగుసుకున్నాయి.

బండి ఒకసారి దగ్గింది. ఫ్రేములావిడ యాక్సిలరేటరు మీద పాదం కాస్త అదిమింది. పక్క సీట్లో అత్తగారు రెండు కాళ్ళూ పైకి తీసుకుని, మఠం వేసుకుని కూర్చున్నారు.

"నా కాళ్ళు పైనే ఉన్నాయి, అందరూ చూడండి," అన్నారావిడ. "ఈసారి ఆగితే దాని తప్పే."

ఇంజను ఇంకోసారి దగ్గింది. గొళ్ళెం ఇంకా ఎత్తలేదు.